మన ఊరి అబ్బాయే బ్రోకర్, అయినా రెండు శాతం ఇవ్వాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. తొమ్మిదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఒకే అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. నేనూ మా ఆయనా ఇద్దరం ఐటీలోనే. వైట్‌ఫీల్డ్ వైపు రెండు బెడ్‌రూమ్‌ల పాత ఫ్లాట్ ఒకటి చూశాం. 85 లక్షలు చెబుతున్నారు. చూపించింది మా ఊరి అబ్బాయే, మా పిన్ని వాళ్ల వీధి. నన్ను ‘అక్కా’ అని పిలుస్తాడు. కమీషన్ రెండు శాతం అంటున్నాడు, అంటే లక్షా డెబ్బై వేలు. ఓనర్‌తో మనమే మాట్లాడుకుంటే ఆ డబ్బు మిగులుతుంది కదా అని నేనంటాను. బ్రోకర్ లేకపోతే ఈ ఊళ్లో కాగితాల సంగతి మనకేం తెలుస్తుంది, మోసపోతాం అని మా ఆయన అంటారు. ఇంకో పార్టీ వస్తోందట, ఆదివారంలోగా లక్ష టోకెన్ వేయమని ఆ అబ్బాయి తొందరపెడుతున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

సమాధానం: అమ్మా, లక్షా డెబ్బై వేల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఆయన మాట దగ్గర ఆగాలి. బ్రోకర్ ఉంటే కాగితాలు ఆయనే చూసుకుంటాడు, మనకు భయం లేదు అంటున్నారు కదా. నేను ఇదే ఊళ్లో ఒక బ్యాంకు లోన్ల సెక్షన్‌లో ఇరవై ఆరేళ్లు పని చేసి రిటైరయ్యాను. ఇల్లు కొని ఇరుక్కుపోయినవాళ్లు నా టేబుల్ ముందు కూర్చుంటే, చాలామంది మొదట అనే మాట ఒకటే: ‘అంతా క్లియర్‌గా ఉందని బ్రోకర్ చెప్పాడు సార్.’

ఆ బ్రోకర్లంతా మోసగాళ్లని కాదు. వాళ్ల చేతికి డబ్బు ఎప్పుడొస్తుందో చూడండి. బేరం తెగితేనే వస్తుంది. మూడు నెలలు తిప్పి, ఎనిమిది ఇళ్లు చూపించి, తొమ్మిదోది కుదిరాక దాని ఈసీలో, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలూ అప్పులూ చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఏదో పాత అప్పు కనబడిందనుకోండి. ‘ఇది మీకొద్దు’ అని చెబితే ఆ మూడు నెలల పెట్రోలు ఖర్చు కూడా రాదు. అలాంటప్పుడు ఎవరూ పనిగట్టుకుని అబద్ధం చెప్పనక్కర్లేదు. లోతుగా వెతకకపోతే చాలు.

2006లో నాకే జరిగింది. హోసకోటె దాటాక ఒక సైటు. చూపించింది హిందూపురంలో నాతో చదువుకున్నవాడి బావమరిది. అమ్మేవాళ్లు ముగ్గురు అన్నదమ్ములు, తాతల నాటి పొలాన్ని సైట్లుగా వేశారు. యాభై వేలు బయానా ఇచ్చాను. మనవాడే కదా అని రసీదు కూడా అడగలేదు. నెల తిరక్కుండా వాళ్ల చెల్లెలు తన వాటా తేల్చమని కోర్టుకెళ్లింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని మార్చింది అంతకు ముందు ఏడాదే, 2005లో. బ్యాంకులో కూర్చుని ఆ కాగితం చదివినవాణ్ని నేను! ఆ బావమరిదిని నిలదీస్తే, ‘చెల్లెలుందని తెలుసు సార్, పెళ్లయి వెళ్లిపోయింది కదా అని...’ అని నసిగాడు. నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఏడాది తిరిగితే ముప్పై వేలు వెనక్కొచ్చాయి. మిగతా ఇరవై వేల గురించి మా ఆవిడ ఇప్పటికీ ప్రతి ఉగాదికీ, పచ్చడి చేతిలో పెడుతూ గుర్తు చేస్తుంది.

కాబట్టి కాగితాలు చూసే పని బ్రోకర్‌ది కాదు. మీరు వెతుక్కుని, మీరు ఫీజు ఇచ్చే లాయర్‌ది. ‘మాకు తెలిసిన లాయర్ ఉన్నాడక్కా’ అంటే నవ్వి ఊరుకోండి. లాయర్ ఫీజు బేరం కుదిరినా కుదరకపోయినా ఇచ్చేదే, అందుకే ఆయన ‘వద్దు’ అనగలడు. 85 లక్షల ఇంటికి ఆ ఖర్చు వేలల్లోనే ఉంటుంది. బ్యాంకు కూడా లీగల్ చూస్తుంది కదా అని మీ ఆయన అనొచ్చు. మేం చూసేది మా అప్పు తిరిగొస్తుందా అని. మీకు ఆ ఇంట్లో ప్రశాంతంగా నిద్ర పడుతుందా అనేది మా ఫారంలో ఉండేది కాదు.

మీది పాత ఫ్లాట్ కాబట్టి లాయర్‌ను మొదట ఓసీ గురించి అడగండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అన్నమాట. ప్లాన్‌లో నాలుగంతస్తులకు అనుమతి తీసుకుని ఐదోది లేపిన బిల్డింగులు ఈ ఊళ్లో కొల్లలు. వాటికి ఓసీ రాదు. జనం పదేళ్లుగా కాపురాలు చేస్తుంటారు, కరెంటుంది, లిఫ్టుంది, కింద బియ్యం కొట్టు కూడా ఉంటుంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఓసీ లాంటి సర్టిఫికెట్లు చూశాకే బ్యాంకులు లోన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవాళ మీకు ఎలాగో లోన్ దొరికినా, రేపు మీ దగ్గర కొనేవాడికి దొరక్కపోతే ఆ ఇల్లు అమ్ముకోలేరు.

తర్వాత ఈ-ఖాతా. ఆస్తి ఎవరి పేరు మీద ఉందో చూపించే నగరపాలక రికార్డు, కంప్యూటర్‌లోకి ఎక్కించింది అన్నమాట. 2024 అక్టోబరు నుంచి బెంగళూరులో అది లేకుండా రిజిస్ట్రేషన్ జరగడం లేదు. అమ్మేవాళ్ల పేరు మీద తయారై ఉందా, ఇంకా అప్లికేషన్ దశలోనే ఉందా అడగండి. ‘అయిపోతుందక్కా, వారంలో వచ్చేస్తుంది’ అంటే, వచ్చాకే మాట్లాడదాం అనండి. అది ఏ-ఖాతానా బీ-ఖాతానా కూడా చూసుకోవాలి. అనుమతులు సరిగ్గా ఉన్నవాటికి ఏ, లేనివాటికి బీ. బీ-ఖాతా అంటే చాలా బ్యాంకులు మొహం తిప్పుకుంటాయి. ఈసీ అయితే మీరే కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల కావేరి వెబ్‌సైట్‌లో తీసుకోవచ్చు. 2004 ఏప్రిల్ తర్వాతి లావాదేవీలు అందులో దొరుకుతాయి, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. పాత క్రయపత్రాలు (సేల్ డీడ్‌లు), వాటన్నిటికీ మూలమైన మదర్ డీడ్ కన్నడంలో ఉంటాయి. మనవాళ్లకు ఆ లిపి కూడబలుక్కుంటే అందుతుంది కాబట్టి అర్థమైపోయిందనే ధైర్యం వస్తుంది. అది ప్రమాదం. ఊళ్లో ఇళ్లుండే నేలను మనం గ్రామకంఠం అంటే వీళ్లు గ్రామఠాణా అంటారని నాకు తెలియడానికే నాలుగేళ్లు పట్టింది. కన్నడ దస్తావేజులు రోజూ చదివే లాయరే కావాలి.

ఇంకోటి, ఓనర్ ఎక్కడుంటున్నారో అడిగారా? 50 లక్షలు, ఆ పైన ధర ఉంటే కొనేవాళ్లే ఒక శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మీకు అది 85 వేలు. అమ్మేవాళ్లు అమెరికాలో స్థిరపడి అక్కడినుంచి అమ్ముతుంటే ఆ ఒక శాతం లెక్క వర్తించదు, పట్టుకోవాల్సింది చాలా ఎక్కువ. పట్టుకోకపోతే ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు అడిగేది మిమ్మల్నే. వైట్‌ఫీల్డ్ ఫ్లాట్లలో ఇలాంటి ఓనర్లు తక్కువేం కాదు, కానీ ఈ విషయం తనంతట తాను ఎత్తిన బ్రోకర్‌ను నేను ఒక్కణ్నే చూశాను.

లాయర్ కంటికి కనబడనివి కూడా కొన్ని ఉంటాయి. ఒకరోజు సాయంత్రం ఆ అబ్బాయి లేకుండా మీరిద్దరే వెళ్లి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఐదు నిమిషాలు మాట్లాడండి. రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయో ఆయన చెబుతాడు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఈ ఊరు ఎంత విలవిల్లాడిందో మీరూ చూసే ఉంటారు. కావేరి కనెక్షన్ ఉంటే నీళ్లు వారానికి ఎన్ని రోజులు వస్తాయో అడగండి. వాన పడ్డ మర్నాడు వెళ్తే ఇంకా మంచిది. 2022 సెప్టెంబరు వానల్లో యమలూరు, బెళ్లందూరు వైపు ఖరీదైన ఇళ్లలోంచే జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు. దగ్గర్లో రాజకాలువ, అంటే వాన నీళ్లు పోయే పెద్ద కాలువ, ఉందా అనేది బ్రోకర్ చూపించే ఫొటోల్లో కనబడదు.

ఇంత చెప్పి, బ్రోకర్ దండగ అంటానని మీరు ఎదురుచూస్తున్నారేమో. అననమ్మా. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, మీకు దొరికేది శని, ఆదివారాలు. తాళాలు తెప్పించడం, ఓనర్‌ను ఫోన్‌లో పట్టుకోవడం, ధర దగ్గర ముఖాముఖి మొహమాటం లేకుండా తగ్గించమని అడగడం, ఇవన్నీ పనే. అసలైన పని లోన్ దగ్గర ఉంటుంది. ఓనర్‌కు ఇప్పటికే ఆ ఫ్లాట్ మీద ఇంకో బ్యాంకులో లోన్ ఉందనుకోండి. మీ బ్యాంకు చెక్కు ఆ బ్యాంకుకు వెళ్లాలి, వాళ్లు అప్పు మూసి ఒరిజినల్ కాగితాలు ఇవ్వాలి. అప్పు తీరాక 30 రోజుల్లో కాగితాలు తిరిగివ్వాలని, వాళ్ల తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలని రిజర్వు బ్యాంకు 2023లో రూలు పెట్టింది. రూలుంది కదా అని కాగితాలు నడిచి రావు. ఈ బ్రాంచికీ ఆ బ్రాంచికీ మధ్య తిరిగేవాడు ఒకడు కావాలి. రిజిస్ట్రేషన్ రోజు స్లాట్ దొరకబట్టడం, సాక్షులను తీసుకురావడం, సర్వర్ ఆగిపోతే సాయంత్రం దాకా ఓనర్‌ను లేచిపోకుండా కూర్చోబెట్టడం... నా సర్వీసులో ఇవన్నీ ఓపిగ్గా చేసిన బ్రోకర్లను చూశాను. వాళ్లకు కమీషన్ ఇచ్చినందుకు ఎవరూ ఏడవలేదు.

ఇప్పుడు మీ మాట. ఓనర్‌తో నేరుగా మాట్లాడుకుందాం అంటున్నారు. ఈ ఫ్లాట్‌కు మాత్రం ఆ ఆలోచన మానుకోండి. ఇల్లు చూపించింది ఆ అబ్బాయి. వెనకాల నుంచి వెళ్లి ఓనర్ నంబర్ సంపాదించడం న్యాయం కాదు. రేపు మీ పిన్ని ఆ వీధిలో తలెత్తుకుని తిరగాలి కూడా. అతనికి కమీషన్ ఇవ్వాల్సిందే, ఎంత అనేదే మాట్లాడుకోవాలి.

రెండు శాతం అనేది చట్టమేం కాదు. బెంగళూరులో అద్దె ఇంటికి ఒక నెల అద్దె, అమ్మకానికి ఒకటి నుంచి రెండు శాతం అడగడం వాడుక. ఓనర్ దగ్గర కూడా తీసుకుంటున్నావా అని సూటిగా అడగండి. తీసుకుంటుంటే మీ నుంచి ఒక శాతం, అంటే 85 వేలు బాగానే గిట్టుతుంది. మీ ఒక్కరి దగ్గరే అయితే ఒకటిన్నర దాకా వెళ్లండి, అదీ లోన్ పనీ రిజిస్ట్రేషన్ పనీ తనే తిరుగుతానంటేనే. బిల్లు ఇచ్చి జీఎస్టీ వేస్తే దాని మీద ఇంకో 18 శాతం పడుతుంది. అది ఇందులోనేనా, పైనా అని ముందే తేల్చుకోండి. స్టాంప్ డ్యూటీ, సెస్సులు కలిపి 5.6 శాతం, 2025 ఆగస్టు 31 నుంచి రెట్టింపైన రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. 85 లక్షలకు ఆరున్నర లక్షల దాకా ప్రభుత్వానికే పోతుంది. ఆ లెక్క ముందు వేసుకుని కూర్చుంటే బేరం ఆడేటప్పుడు మొహమాటం దానంతటదే తగ్గుతుంది.

కమీషన్ కంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. ఓనర్ 80 చెబితే మీకు 85 అని చెప్పి మధ్యలో ఐదు లక్షలు నొక్కేయడం. ఆ అబ్బాయి అలా చేస్తున్నాడని నేననను. కానీ ధర ఖాయం చేసే రోజు ఓనర్, మీరు, అతను ఒకే గదిలో కూర్చోవాలి. ఓనర్ బయటి దేశంలో ఉంటే వీడియో కాల్ అయినా సరే. దానికి వంకలు చెబితే ఆ బేరం అక్కడితో ఆపేయండి. ధరలో కొంత నగదుగా ఇమ్మని ఓనర్ అడిగితే కూడా అంతే. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పైగా లెక్కల్లో లేని డబ్బును, బేరం చెడితే ఏ కాగితం చూపించి వెనక్కి అడుగుతారు?

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ‘అక్కా’ అనే ఆ పిలుపు. మారతహళ్లి, కేఆర్ పురం, కగ్గదాసపుర వైపు మన జిల్లాల అబ్బాయిలు చాలామంది ఈ పనిలో ఉన్నారు. వచ్చిన కొత్తలో మనకు పీజీ చూపించిందీ, రాగి సంగటి దొరికే మెస్ చూపించిందీ వీళ్లే. నాకు వాళ్లంటే అభిమానమే. ముక్కూ మొహం తెలియని బ్రోకర్ అయితే ఆరు ప్రశ్నలు అడుగుతాం, రసీదు తీసుకుంటాం, ఇంకో ఇద్దరిని విచారిస్తాం. మనవాడు అనేసరికి ‘ఏమనుకుంటాడో’ అని నోరు కట్టుకుంటాం. అవతల అతనికీ ఇదే ఇబ్బంది. ఫలానా కాగితం లేదని మీతో చెబితే అక్క భయపడి వెళ్లిపోతుందేమోనని మింగేస్తాడు. ఏదైనా తేడా వస్తే ఇల్లొక్కటే పోదు, ప్రొద్దుటూరులో రెండు కుటుంబాల మధ్య మాటలు పోతాయి. ఈ మొహమాటమే నాకు యాభై వేల బయానాకు రసీదు లేకుండా చేసింది. అతను మీవాడు కాబట్టే రాతపూర్వకంగా పెట్టుకోండి. స్టాంప్ పేపర్ అక్కర్లేదు, వాట్సాప్‌లో నాలుగు లైన్లు చాలు.

రెరా (ఇళ్ల ప్రాజెక్టులనూ ఏజెంట్లనూ రిజిస్టర్ చేసే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) నంబర్ ఉందని అతను చూపిస్తే మంచిదే, కర్ణాటక రెరా సైట్‌లో వెతికి చూడండి. కానీ ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలన్న ఆ రూలు రెరాలో ఉన్న ప్రాజెక్టుల అమ్మకాలకు. మీ పాత ఫ్లాట్ చేతులు మారడానికి దానితో పెద్దగా సంబంధం లేదు. ఎప్పుడైనా కొత్త ప్రాజెక్టు వైపు మనసు మళ్లితే మాత్రం అక్కడ ఏజెంట్‌కు డబ్బిచ్చేది బిల్డరే, మీరు పైసా ఇవ్వనక్కర్లేదు. అయితే ఏజెంట్ ద్వారా ఒకసారి మీ నంబర్ వాళ్ల లెక్కలోకి ఎక్కితే, తర్వాత నేరుగా వెళ్లి ఆ కమీషన్ మాకు తగ్గించండి అన్నా వినరు. అడగదలిస్తే ముందే వెళ్లి అడగాలి.

ఒకవేళ ఇది కుదరకపోతే అప్పుడు మీ పద్ధతే నాకు నచ్చుతుంది. తొమ్మిదేళ్లుగా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. నీళ్ల సంగతి, అసోసియేషన్ గొడవలు, ఏ ఓనర్ ఎలాంటివాడో ఏ బ్రోకర్ కంటే మీకే బాగా తెలుసు. మీ బ్లాక్‌లోనూ పక్క అపార్ట్‌మెంట్‌లోనూ ఎవరైనా అమ్ముతున్నారేమో అసోసియేషన్ గ్రూపులో అడగండి, సెక్యూరిటీ వాళ్ల చెవిన వేయండి. అక్కడ మధ్యలో ఎవరూ అక్కర్లేదు, లాయర్ ఒక్కరు చాలు. యాప్‌లలోనూ వెతకొచ్చు కానీ ‘ఓనర్’ అని పెట్టిన నంబర్లలో కొన్నింటికి ఫోన్ చేస్తే ‘సార్, అది పోయింది, దానికంటే మంచిది ఒకటుంది’ అని మొదలెడతారు, ఓపిక పట్టాలి. ఆషాఢంలో వెతకడం మొదలెట్టండి. మనవాళ్లలాగే కన్నడిగులూ ఆ నెలలో ఇల్లు రిజిస్టర్ చేయించుకోవడానికి వెనకాడతారు, అమ్మేవాళ్లు కాస్త మెత్తబడి ఉంటారు.

ఇక టోకెన్. ‘ఇంకో పార్టీ’ అనే ఆ మనిషి ఇరవై ఆరేళ్లలో నా బ్రాంచికి ఎన్నడూ రాలేదమ్మా. ఆదివారంలోగా లక్ష వేయొద్దు. తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే చిన్న మొత్తం, ఓనర్ ఖాతాకే, బ్రోకర్ ఖాతాకు కాదు, ‘లీగల్ సరిగా లేకపోతే మొత్తం వాపసు’ అని ఓనర్ రాసిచ్చాకే. ఈ రాత్రికి అతనికి ఇలా మెసేజ్ పెట్టండి:

‘తమ్ముడూ, ఫ్లాట్ మాకు నచ్చింది. నీ కమీషన్ 1 శాతం. సగం రిజిస్ట్రేషన్ రోజున, సగం ఒరిజినల్ కాగితాలూ తాళాలూ మా చేతికి వచ్చిన రోజున. ఓనర్‌తో కూర్చుని ధర మాట్లాడాక, మా లాయర్ చూశాక టోకెన్ వేస్తాం. ఓసీ, ఈ-ఖాతా, ఈసీ, సేల్ డీడ్, మదర్ డీడ్, టాక్స్ రసీదుల కాపీలు పంపించు. లోన్ ఉంటే ఆ బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా.’

ఒకటిన్నర అంటే సరేననండి, మిగతా వాటిలో ఒక్కటీ వదలొద్దు. ఎప్పట్నుంచో అమ్మకానికి పెట్టిన ఇంటి కాగితాలు కాపీలు తీయించి సిద్ధంగానే ఉంటాయి, పంపడానికి ఒక పూట పట్టదు. సోమవారం సాయంత్రం దాకా చూడండి. అప్పటికీ రాకపోతే ఆ ఫ్లాట్ ఇంకో పార్టీకే వదిలేయండి, ఉంటే వాళ్లు కొనుక్కుంటారు.